పదహారవ ఏడు

మొన్న సంక్రాంతికి పలమనేరు వెళ్ళినప్పుడు అటక మీది రేకుపెట్టె దించి పాత కాగితాలు సర్దుతుంటే ఒక ఉత్తరం కంటబడింది. 1996 వేసవిలో అమెరికా నుండి నాకు వచ్చిన ఉత్తరమది. అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. దరఖాస్తు పంపినందుకు ధన్యవాదాలు. మార్కులు మెచ్చదగినవే. కాని తమ గ్రాడ్యుయేట్ కళాశాలలో చేరాలంటే పదహారేండ్ల చదువు ఉండాలి, నాకున్నది పదిహేనేండ్లే. నా భవిష్యత్తుకు శుభాకాంక్షలు. ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. మూడేండ్ల బి.ఎస్సి. పట్టా చేతబట్టుకొని దరఖాస్తు చేసిన వారిలో అటువంటి ఉత్తరం అందుకోని వారు ఆ రోజుల్లో అరుదు.

మా నాయనది మల్బరీ తోట, పట్టుగూళ్ళ వ్యవసాయం. నేను పుంగనూరు మీదుగా బస్సులో మదనపల్లెకు పోయి గణితం, భౌతికం, రసాయనం చదివాను. ప్రథమ శ్రేణి వచ్చింది. మా ఊరు మద్రాసు-బెంగుళూరు రహదారి మీద ఉండడం వల్ల, టోఫెల్ పరీక్షకు ఒకవైపు, డాలర్ల డ్రాఫ్టు తీయడానికి ఇంకొకవైపు బస్సెక్కితే సరిపోయేది. అదొక్కటే మాకు కలిసివచ్చిన సంగతి. అప్పట్లో డాలరు ముప్ఫైఅయిదు రూపాయల చిల్లర. నాలుగు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు రుసుము కలిపి ఆరువేల రూపాయలు దాటింది. ఒక పంట గూళ్ళు అమ్మిన డబ్బు అది. నాలుగు చోట్ల నుండీ ఇంచుమించు ఒకే జవాబు వచ్చింది.

నాయనకు ఉత్తరం చదివి అర్థం చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఒగ యాడాది తక్కువంటే ఇంగొగ యాడాది చదివితే సాలదేమిరా?" అన్నాడు.

ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క ఏడాది చదువును అమ్మే అంగడి మన దేశంలో ఎక్కడా లేదు. బి.ఎస్సి. తరువాత ఉన్నది ఎం.ఎస్సి., అది రెండేండ్లు. పదిహేను కాకపోతే పదిహేడు, నడుమ పదహారు లేదు. పోనీ ఒక ఏడాది పి.జి.డి.సి.ఏ. చేసి లెక్క సరిచేద్దామని చూసిన వారున్నారు. అది కొన్నిచోట్ల చెల్లింది, కొన్నిచోట్ల చెల్లలేదు.

ఈ టపా నా గోడు చెప్పుకోవడానికి కాదు. ఆ పదహారు ఎక్కడి నుండి వచ్చిందో, మన పదిహేను ఎక్కడ తయారైందో తెలుసుకోవాలని ఇన్నేండ్లుగా దొరికినదల్లా చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ ఒక సంగతి స్పష్టమైంది. ఇంకొకడి పట్టా మన పట్టాకు సాటి వచ్చునా రాదా అన్న తగవు అమెరికావాళ్ళు మనతో మొదలుపెట్టినది కాదు. అది మొదట వాళ్ళ మీదికే వచ్చింది.

పంతొమ్మిదవ శతాబ్దంలో అమెరికాలో పై చదువు చదవాలంటే జర్మనీకి పోవలసిందే. 1876లో బాల్టిమోరులో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం తెరిచేదాకా పరిశోధనకే అంకితమైన సంస్థ అక్కడ లేదనే చెప్పాలి. వేలమంది అమెరికన్ విద్యార్థులు బెర్లిన్‌కు, లైప్‌జిగ్‌కు, గోటింగెన్‌కు ఓడలెక్కారు. అయితే జర్మన్ ఆచార్యులకు అమెరికన్ బి.ఏ. మీద గౌరవం తక్కువ. ఊరికొక కాలేజీ, కాలేజీకొక ప్రమాణం. కొన్నిచోట్ల ఇచ్చే పట్టా జర్మన్ ఉన్నత పాఠశాల చదువుకు కూడా సాటిరాదని వారి అభిప్రాయం. అది పూర్తిగా అన్యాయమని కూడా అనలేము. ఆ చిన్నచూపు పోగొట్టుకోవడం కోసమే, ఇంకా కొన్ని కారణాలకూ కలిపి, 1900 ఫిబ్రవరిలో చికాగోలో పద్నాలుగు విశ్వవిద్యాలయాలు సమావేశమై అమెరికన్ విశ్వవిద్యాలయాల సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. కొన్నేండ్లకే జర్మనీలో ఆ సంఘ సభ్యుల పట్టాలకు ఒక విలువ, మిగిలిన వాటికి ఒక విలువ అన్న తేడా వచ్చింది. అంటే ఓహయోలోనో అయోవాలోనో ఏదో చిన్న ఊరి కాలేజీలో చదివిన రైతుబిడ్డకు, 1905 ప్రాంతంలో, నాకు వచ్చిన ఉత్తరం వంటిదే బెర్లిన్ నుండి వచ్చి ఉండవచ్చునన్న మాట. ఈ సంగతి చదివిన రోజు నాకు ఎందుకో చాలా ఊరట కలిగింది.

తరువాతి ఘట్టం ఇంకా రుచికరమైనది. సంఘంలో చేరని వందలాది కాలేజీలను ఏం చేయాలి? ఎవరి బి.ఏ.తో నేరుగా ఎం.ఏ.లో చేర్చుకోవచ్చు, ఎవరిని ఇంకొంత చదివించి చేర్చుకోవాలి? 1911లో అమెరికా ప్రభుత్వ విద్యాశాఖలో పనిచేస్తున్న కెండ్రిక్ బాబ్‌కాక్ అనే ఉద్యోగి 344 కాలేజీలను నాలుగు తరగతులుగా విభజించి ఒక పట్టిక తయారుచేశాడు. మొదటి తరగతి కాలేజీ పట్టభద్రుడు ఒక్క ఏడాదిలో ఎం.ఏ. ముగించగలడు, రెండవ తరగతి వాడికి ఇంకొంచెం సమయం కావాలి, అలా కిందికి దిగుతూ పోతుంది. పట్టిక సంగతి బయటికి పొక్కగానే దేశమంతా గగ్గోలు పుట్టింది. అధ్యక్షుడు టాఫ్ట్ దానిని ప్రచురించవద్దని ఆపివేశాడు. ఆయన తరువాత వచ్చిన విల్సన్, స్వయంగా ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా పనిచేసినవాడు, ఆయన కూడా దానిని బయటపెట్టలేదు. సొంత కాలేజీలకు తరగతులు కట్టడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాలలేదు. పరాయి దేశపు కాలేజీలకు కట్టడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది.

ఇంతకీ పదహారు అన్నది వారి ఇంటి లెక్క. బడి పన్నెండేండ్లు, కాలేజీ నాలుగేండ్లు. తమ పట్టా ఎలా తయారవుతుందో దానినే కొలమానంగా పెట్టుకున్నారు. విదేశీ పట్టాలను గుర్తించే కేంద్ర శాఖ ఏదీ అక్కడ లేదు. ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయమే రాజు. ఆ పని చేసిపెట్టడానికి ప్రైవేటు మూల్యాంకన సంస్థలు పుట్టుకొచ్చాయి. 1974లో న్యూయార్కులో మొదలైన వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్ వాటిలో పేరెన్నికగన్నది. ముప్ఫై దేశాల పట్టాలను ఒక్క బల్ల మీద పెట్టుకుని చూసే గుమాస్తాకు సిలబస్ చదివే తీరిక ఎక్కడిది? సంవత్సరాలు లెక్కపెట్టడం తేలిక.

ఇక మన పదిహేను సంగతి. ఇది 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన నాటి నుండి వస్తున్న కథ. మెట్రిక్యులేషన్, ఆ పైన రెండేండ్లు ఎఫ్.ఏ., ఆ పైన రెండేండ్లు బి.ఏ. 1910 ప్రాంతాలకు ఎఫ్.ఏ. పోయి ఇంటర్మీడియట్ వచ్చింది, మెట్రిక్యులేషన్ చోట ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. అయిదు తరగతులు, ఆరు ఫారాలు కలిపి బడి పదకొండేండ్లు, ఇంటరు రెండు, బి.ఏ. రెండు. మొత్తం పదిహేను. ఒక్క బి.ఏ. ఆనర్సు మాత్రం మూడేండ్లు కనుక పదహారు అయ్యేది. అది దొరికే కాలేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని.

స్వాతంత్ర్యం వచ్చాక రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘం, పన్నెండేండ్ల చదువు తరువాతనే విశ్వవిద్యాలయంలో చేర్చుకోవాలి, డిగ్రీ మూడేండ్లుండాలి అని చెప్పింది. జరిగినది వేరు. ఇంటరును రెండుగా చీల్చి ఒక ఏడాదిని డిగ్రీలో కలిపారు, రెండవ దానికి పి.యు.సి. అని పేరు పెట్టారు. పదకొండు, ఒకటి, మూడు: పదిహేను. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసి మా వైపు కాలేజీలకు పట్టా ఇచ్చే సంస్థ మారింది, లెక్క మారలేదు. 1964-66 నాటి కొఠారీ సంఘం తరువాత దేశమంతటా పది, రెండు, మూడు అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 1969లో రెండేండ్ల ఇంటరు తిరిగి వచ్చింది, 1971లో దానికొక బోర్డు ఏర్పడింది. కూడి చూడండి, మళ్ళీ పదిహేనే. మా తాత కాలపు బి.ఏ., మా మేనమామ కాలపు బి.ఎస్సి., నా బి.ఎస్సి., మూడింటి లోపలి అరలు వేరు, పెట్టె కొలత ఒక్కటే.

ఇంగ్లండులోనూ డిగ్రీ మూడేండ్లే కదా అని అడగవచ్చు. అక్కడ బడి చదువు పదమూడేండ్లు. మనం వారి నుండి డిగ్రీ కొలత తెచ్చుకున్నాము, బడి కొలత తెచ్చుకోలేదు.

ఈ లెక్కలు ఇంత గట్టిపడక ముందు వెళ్ళినవారికి ఏమైందో చూడాలంటే యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోక తప్పదు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషను మూడవసారికి గట్టెక్కినవారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు కోటు వేసుకుని శస్త్రచికిత్స గదికి వెళ్ళినందుకు ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు కోపం వచ్చింది. తక్కిన పరీక్షలలో బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వలేదు, దానికి ఒక మెట్టు తక్కువైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. కొంతకాలం మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారి సాయంతోను, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతోను 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరారు. అది 1917 నాటి చట్టం భారతీయుల వలసకు తలుపులు మూసిన కాలం. విద్యార్థులకు మాత్రం సందు ఉంచారు.

హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాల ఆయనను చేర్చుకున్నది. కాని ఆ మద్రాసు పట్టా ఆసుపత్రిలో వైద్యుడుగా పనిచేయడానికి చాలలేదు. పొట్టకూటికి బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగ్‌హాం ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. మద్రాసులో వైద్యం చదివి వచ్చిన మనిషి అని మరవకూడదు. అక్కడి డిప్లొమా పూర్తయ్యాకనే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చోటు దొరికింది. శరీరద్రవాలలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో అచ్చయింది. ఈనాటికీ ప్రయోగశాలల్లో ఆ పేరు వినబడుతుంది. ఆయనకు పిహెచ్.డి. వచ్చింది 1930లో. అంటే పాఠ్యపుస్తకాలకెక్కిన పద్ధతి ముందు, పట్టా తరువాత. ఆయన సంవత్సరాలు ఎవరైనా లెక్కపెట్టారో లేదో గాని, పనిని చూసినవారు ఒకరు దొరికారు. దానికి ఆయన చెల్లించిన మూల్యం మాత్రం ఆ రాత్రి పనిలో ఉన్నది.

అదే 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారి సంగతి దీనికి తిరగబడిన కథ. అనీబెసెంటు ఎంత తాపత్రయపడినా ఆక్స్‌ఫర్డ్ చేర్చుకోలేదు, లండన్ ప్రవేశ పరీక్షలు గట్టెక్కలేదు. పోనివ్వండి, ఆయనకు పట్టాతో పని పడలేదు.

మదనపల్లె అన్నాక ఇంకొక మాట. 1915లో అనీబెసెంటు అక్కడ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకే ఒకప్పుడు ఈ గుర్తింపు గండం వచ్చింది. హోంరూల్ ఉద్యమం వేడిలో మద్రాసు విశ్వవిద్యాలయంతో సంబంధం తెగిపోయింది. అప్పుడు అది అడయారులో బెసెంటు నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయంలో చేరింది. దానికి కులపతి రవీంద్రనాథ ఠాకూరు. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లె వచ్చి కొన్నాళ్ళు విశ్రమించి, జనగణమనను తానే ఇంగ్లీషులోకి అనువదించింది ఈ కళాశాలలోనే. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరం కూర్చడంలో పాలుపంచుకున్నారు. ఈ కథ మా వైపు అందరూ గర్వంగా చెప్పుకుంటారు. కాని ఆ రోజుల్లో అక్కడ చదివిన పిల్లల పట్టాను ఏ సర్కారు కచేరీ ఒప్పుకున్నది, ఆ తల్లిదండ్రులు ఏమనుకున్నారు అని నేను ఆలోచిస్తుంటాను. నోబెల్ బహుమానం పొందిన కవి కులపతిగా ఉన్నా సరే, గుమాస్తా ఒప్పుకోకపోతే అది కాగితమే. ఆ జాతీయ విశ్వవిద్యాలయం నిలవలేదు.

తిరిగి నా కాలానికి వస్తాను. పదిహేనేండ్ల లెక్కకు ఒక పెద్ద మినహాయింపు ఉండేది, ఇంజనీరింగు. పది, రెండు, నాలుగు: పదహారు. అమెరికా గుమాస్తా లెక్కకు అది అచ్చంగా సరిపోయింది. ఇంటరులో నా పక్క బెంచీ వాడు ఎంసెట్‌లో ర్యాంకు తెచ్చుకుని ఇంజనీరింగులో చేరాడు, నేను బి.ఎస్సి.లో చేరాను. భౌతికశాస్త్రం మీద ఇద్దరికీ ఒకే ఇష్టం. ఆ పదిహేడేండ్ల వయసులోనే, మా ఇద్దరికీ తెలియకుండానే, ఒకడికి అమెరికా తలుపు తెరుచుకున్నది, ఒకడికి మూసుకున్నది. 1990ల నడుమ మదనపల్లెలో గాని, పలమనేరు, పుంగనూరు, కుప్పంలలో గాని ఇంజనీరింగు కాలేజీ లేదు. మదనపల్లెలో 1998లో ఒకటి, కుప్పంలో 2001లో ఒకటి వచ్చాయి. తెలుగువారు అమెరికాకు కంప్యూటర్ల కోసమే పోతారని నవ్వే పెద్దలున్నారు. చరిత్ర, గణితం, వృక్షశాస్త్రం చదివినవారికి పోయే దారి ఉండేదా అని వారు అడగరు. మోజు ఎంతో, లెక్క కూడా అంతే.

మా జిల్లావాడే అయిన రాజ్ రెడ్డి గారు కూడా ఇంజనీరింగు దారినే వెళ్ళారు. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో రైతు కుటుంబంలో పుట్టి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో సివిల్ పట్టా పుచ్చుకున్నారు. ఆయన నేరుగా అమెరికా పోలేదు. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో ఎం.టెక్. చేసి, అక్కడే ఐ.బి.ఎం.లో కొన్నాళ్ళు పనిచేసి, ఆ తరువాత స్టాన్‌ఫర్డ్ చేరి 1966లో పిహెచ్.డి. అందుకున్నారు. 1994లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం ప్రకటించారు. అప్పటికి నేను డిగ్రీలో ఉన్నాను. మా లెక్కల మాష్టారు ఆ వార్త తరగతిలో చదివి వినిపించారు. నా నాలుగు దరఖాస్తులకు మూలం ఆ పూట అనే చెప్పాలి.

అమెరికావారి వాదనలో బొత్తిగా పస లేదని నేననను. వారి నాలుగేండ్లలో గణితం చదివేవాడు కూడా చరిత్ర, సాహిత్యం చదవాలి, ఇంచుమించు 120 క్రెడిట్లు కూడబెట్టాలి. మాకు ఇంగ్లీషు, తెలుగు తప్పిస్తే తక్కినదంతా మూడు సబ్జెక్టులే. ఏడాదికొక పరీక్ష. మార్కుల గొడవ ఇంకొకటి. నూటికి అరవై వస్తే మన దగ్గర ప్రథమ శ్రేణి; వారి దగ్గర తప్పడానికి అరవై అంచు. ఇవన్నీ నిజమే. అయితే అటువంటప్పుడు సిలబస్ చూడాలి గాని సంవత్సరాలు లెక్కపెట్టడమెందుకు? ఈ అనుమానానికి జవాబు యూరప్ నుండి వచ్చింది. 1999లో ఇటలీలోని బొలోన్యా నగరంలో 29 దేశాలు ఒక ఒడంబడిక చేసుకుని, బాచిలర్ పట్టాను చాలాచోట్ల మూడేండ్లకు తెచ్చాయి. ఫ్రాన్సులో బడి పన్నెండేండ్లు, డిగ్రీ మూడేండ్లు. కూడితే పదిహేను, అచ్చం మదనపల్లె లెక్కే. 2000ల నడిమికల్లా ఎన్నో అమెరికన్ గ్రాడ్యుయేట్ కళాశాలలు ఆ పట్టాలను ఒప్పుకోసాగాయి. మరి మా సంగతేమిటని మనవారు అడిగిన తరువాతనే కదలిక వచ్చింది. న్యాక్ 'ఎ' గ్రేడు ఉన్న సంస్థ ఇచ్చిన మూడేండ్ల పట్టాను, మంచి శ్రేణిలో ఉత్తీర్ణులైతే, కొన్ని మూల్యాంకన సంస్థలు సమానంగా పరిగణించడం మొదలుపెట్టాయి. సంస్థ ఒప్పుకున్నా విశ్వవిద్యాలయం ఒప్పుకోవాలన్న నియమం లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మనవారి మౌనం. 1910లో, 1950లలో, 1969లో మూడుసార్లు పెట్టె విప్పి అరలు మార్చారు. దీనివల్ల బయటి దేశంలో మన పిల్లల పట్టాకు ఏమవుతుందని ఒక్కరైనా అడిగినట్టు నాకు ఎక్కడా కనబడలేదు. నిర్ణయించినవారు ఎం.ఏ.లు, డాక్టరేట్లు, వారి లెక్క ఎప్పుడో పదిహేడు దాటింది.

నేను తిరుపతిలో ఎం.ఎస్సి. చదివాను. అది పూర్తయ్యేసరికి చెల్లెలి పెండ్లి, ఆ వెనుక నాయన ఆరోగ్యం. మళ్ళీ దరఖాస్తులకు డబ్బు అడగాలనిపించలేదు. కుప్పంలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాను. నా శిష్యులలో అమెరికా వెళ్ళినవారున్నారు, దాదాపు అందరూ ఇంజనీరింగు నుండి వెళ్ళినవారే. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అందులో గ్రాడ్యుయేట్ చదువులవారే 1,96,567 అని ఒక నివేదికలో చదివాను. అన్ని దేశాలకంటే అదే ఎక్కువ. వారిలో మూడేండ్ల బి.ఎస్సి.తో నేరుగా వెళ్ళినవారు ఎందరో ఆ నివేదికలో లేదు.

2020 నాటి జాతీయ విద్యావిధానంతో నాలుగేండ్ల ఆనర్సు డిగ్రీకి దారి ఏర్పడింది. ఆ చెల్లెలి కూతురే ఆ కొత్త పద్ధతిలో రసాయనశాస్త్రం చదివి, 2024 శీతాకాలంలో అమెరికాకు దరఖాస్తులు పెట్టింది. ఇప్పుడు డాలర్ల డ్రాఫ్టు లేదు, సీలు వేసిన కవర్లు లేవు, అన్నీ సెల్‌ఫోనులోనే అయిపోయాయి. "మామా, నాది ఎన్నేండ్లవుతుందో లెక్కపెట్టి చెప్పు" అని అడిగింది. పది, రెండు, నాలుగు అని వేళ్ళ మీద లెక్కపెట్టి పదహారు అన్నాను. రెండోసారి కూడా లెక్కపెట్టాను.

పదిరోజులకు ఒక విశ్వవిద్యాలయం నుండి ఆమెకు మెయిలు వచ్చింది. భారతదేశంలో బి.ఎస్సి. మూడేండ్లే అని తమ పట్టికలో ఉన్నదట. ఈ నాలుగవ ఏడు ఏమిటో, అది అదే పట్టాలో భాగమా, వేరే చదువా, వివరించమని అడిగారు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని జవాబు రాశాము. నాలుగు వాక్యాలలో ముగిద్దామనుకున్నాము గాని, ఒకటిన్నర పేజీ అయింది.